ఇంటర్నెట్ ఫోన్‌కు మారేటోళ్ళు ఒక్క నిమిషం ఆగండి. 1997 నాటి నంబరు పోగొట్టుకున్నా

ముందే చెప్తాండా, కోపంలో రాస్తాండా. కంపెనీ పేరు రాయను. కడపోళ్ళకు రాయాల్సిన పని కూడా లేదు. ఏడు రోడ్ల నుంచి ఎర్రముక్కపల్లి దాకా స్తంభానికొక బ్యానర్ కట్టినారు కదా, "ఇంటికి ఫైబర్, కాల్స్ జీవితాంతం ఫ్రీ" అని. వాళ్ళే. ఆ జీవితాంతం ఎవరి జీవితమో నాకు ఇప్పుడు అర్థమైంది. మా పాత నంబరుది.

మా ఇంట్లో బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్, 1997లో మా నాయన పేరు మీద పెట్టించింది. నెలకు పన్నుతో కలిపి 300 దగ్గర. దాని పైన అమ్మ సెల్లు, మా ఆవిడ సెల్లు, నా సెల్లు. అన్నీ 28 రోజుల ప్యాకులే. నెలకొకసారి అనుకుంటాం గానీ ఏడాదికి 12 కాదు, 13 రీచార్జిలు. ఒక ఆదివారం కాగితం పెట్టుకోని కూర్చుని ఈ లెక్కంతా వేసినా. ఆ రోజు పడుకోని నిద్రపోయి ఉంటే ఇంటికి ఎంతో మేలు చేసినోడిని అయ్యేవాడిని.

సరిగ్గా ఆ వారమే బ్యాగు తగిలించుకోని పిల్లోడు వచ్చినాడు. "అన్నా, ఇంగా రాగి తీగేనా? ఇప్పుడంతా ఇంటర్నెట్ మీదే ఫోను. నెట్ ఎంతైనా వాడుకో, లోకల్, ఎస్టీడీ అంతా ఫ్రీ, నెలకు 499 అంతే" అన్నాడు. మా తమ్ముడు కువైట్‌లో ఉంటాడు, దానికి కూడానా అని అడిగినా. "అన్నీ అన్నా" అన్నాడు. అన్నిట్లో ఐఎస్‌డీ లేదని, దానికి వేరే ప్యాకు వేయించుకోవాలని తర్వాత తేలింది. 499 అంతే అన్నది కూడా అంతే. ఆరు నెలలు ముందే కట్టాలంట, 2,994. దాని మీద 18 శాతం జీఎస్టీ 539. బిగించేదానికి 500. బాక్సుకు డిపాజిట్ 1,000. మొత్తం 5,033 లెక్కపెట్టి చేతిలో పెట్టినా. నెలకు మూడు వందలు మిగిలించే మొనగాడిని!

దుడ్లు పోతే పోయినాయి. నా కడుపు మంట నంబరు గురించి.

నేను అడగకుండా లేను. "నంబరు ఇదే ఉంటాదా?" అని రెండుసార్లు అడిగినా. "సెల్లు నంబరు అట్లే పెట్టుకోని వేరే కంపెనీకి మారలేదా అన్నా? ఇదీ అంతే. ఫారం నేనే నింపుతా" అన్నాడు. నా సెల్లు రెండుసార్లు అట్ల మార్చినా, అందుకే నమ్మినా. సెల్లు నంబర్లకు ఆ సౌకర్యం 2011 నుంచి దేశమంతా ఉంది. ల్యాండ్‌లైన్‌కు లేదు సామీ, లేనే లేదు. ఒక కంపెనీ ల్యాండ్‌లైన్ నంబరు ఇంకో కంపెనీకి పోదు. ఇంటింటికీ తిరిగి ఫోన్లు అమ్మేవాడికి ఈ ముక్క తెలీదంటే నేను నమ్మను.

ఫారం ఇంగ్లీషులో నింపి మా నాయన ముందర పెట్టినాడు. మా నాయన హెడ్మాస్టరుగా రిటైరైనాడు. పాలోడి కార్డు మీద కూడా చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. అద్దాలు తెమ్మన్నాడు. పిల్లోడు వాచీ చూసుకుంటా "ఇంకా రెండిళ్ళకు పోవాలన్నా" అన్నాడు. నేనే, ఈ నోటితోనే, "నేను చూసినాలే నాయనా, పెట్టు" అన్నా. నేను చూడలేదు. నా మాట మీద అద్దాలు లేకుండానే పెట్టినాడు.

అది నంబరు అట్లే పెట్టుకోని కంపెనీ మారే ఫారం కాదు. ల్యాండ్‌లైన్ వద్దు, తీసేయండి అని బీఎస్ఎన్ఎల్ ఎక్స్‌ఛేంజీకి రాసిన సరెండర్ అర్జీ.

పాత ఫోను కూడా "నేనే ఆఫీసులో అప్పజెప్తా" అని పట్టుకపోయినాడు. 2021 జనవరిలో ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకు చేస్తే ముందర సున్నా కొట్టాలని రూలు వచ్చింది కదా, అప్పుడు మా నాయన "సెల్లుకు ముందు 0" అని గుండ్రటి అక్షరాలతో రాసి దాని మీద అంటించినాడు. ఆ కాగితం కూడా పోయింది.

కొత్త బాక్సు బిగించినారు, కొత్త నంబరు ఇచ్చినారు. పాతది ఏదిరా అంటే "రెండు రోజుల్లో వచ్చేస్తాదన్నా". రెండు నాలుగైంది, నాలుగు ఎనిమిదైంది. తర్వాత నా ఫోను ఎత్తడం మానేసినాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నే మా మేనత్త ప్రొద్దుటూరు నుంచి మొదటి బస్సుకు దిగింది. ఆమెకు సెల్లు వాడడం రాదు, నోటికి వచ్చేది మా ల్యాండ్‌లైన్ నంబరు ఒక్కటే. మూడు రోజులుగా పక్కింటోళ్ళ చేత చేయిస్తే నంబరు లేదని చెప్తాందంట. వాకిట్లో చెప్పులు కూడా విడవకుండా "అన్న ఎట్లుండాడురా?" అని అడిగింది. మా నాయన లోపలి నుంచి పేపరు పట్టుకోని వస్తే ఆయన్ను చూసి అట్లే అరుగు మీద కూలబడి ఏడ్చింది. తర్వాత నన్ను తిట్టింది. తిట్టాల్సిందే.

ఆ రోజే ఎక్స్‌ఛేంజీకి పోయినా. అక్కడాయన మర్యాదగా కాగితం తీసి చూపించినాడు. నకలు కూడా ఇచ్చినాడు. "ఫైబర్ కావాలంటే మమ్మల్నే అడిగుంటే ఇదే నంబరు మీద ఇచ్చేవాళ్ళం కదప్పా" అన్నాడు. ఆ మాట విన్నాక మెట్లు దిగేదానికి కాళ్ళు రాలేదు.

అక్కడి నుంచి నేరుగా కంపెనీ ఆఫీసుకు. నాయన కూడా వస్తానన్నాడు, వద్దన్నా వినలేదు. కౌంటర్లో ఉన్నోడు సెల్లులో నుంచి తల ఎత్తడానికే ఐదు నిమిషాలు పట్టింది. నకలు ముందర పెట్టినా. దాన్ని నా వైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టి "ఇది మీ నాయన సంతకమేనా సార్?" అన్నాడు. అవునన్నా. "మేమేమన్నా చెయ్యి పట్టుకోని పెట్టించినామా?" మీ పిల్లోడు నంబరు వస్తాదన్నాడు అంటే, "ఆ మాట రాసిచ్చినాడా? చూపించండి" అన్నాడు. వెనకాల కూర్చున్న ఇద్దరు నవ్వుకుంటాండారు. ఒకడు "ఏం సార్, ఫ్యాన్సీ నంబరా?" అని కూడా అన్నాడు.

నేను గొంతు పెంచబోతాంటే మా నాయన నా చెయ్యి పట్టుకోని వాడితో మెల్లగా "నేను ఆ పొద్దు అద్దాలు పెట్టుకోలేదు బాబూ" అన్నాడు. తప్పంతా తనదే అయినట్టు. ఎంతమందికి సంతకం పెట్టడం నేర్పించినాడో ఆయన. కౌంటర్లో ఉన్నోడు నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "చూసినారా సార్, పెద్దాయనే ఒప్పుకుంటాండాడు."

ఆ మాట చెవిలో ఇంగా మోగుతాంది. నిద్ర పట్టలేదు, అందుకే ఈ పోస్టు.

కొత్త ఫోను బాగా పనిచేస్తాదా అంటారా, కరెంటు ఉన్నంతసేపు బ్రహ్మాండం. పాత రాగి తీగలో ఎక్స్‌ఛేంజీ నుంచే 48 వోల్టుల కరెంటు వస్తాది. ఊరంతా చీకటైనా ఫోను పలికేది. దీనికి గోడ ప్లగ్గు కావాలి. మొన్న శుక్రవారం సాయంత్రం ఈదురుగాలికి రెండు గంటలు కరెంటు పోయింది. శుక్రవారం తమ్ముడికి సెలవు, ఏడు గంటలకు చేస్తాడు. నాయన ఏడింటి నుంచి ఆ చచ్చిన ఫోను పక్కనే కుర్చీ వేసుకోని కూర్చున్నాడు. కంపెనీకి చేస్తే "ఇన్వర్టర్ లైనులో పెట్టుకోలేదా?" అని నన్నే అడిగినారు. పెట్టినా ఏం లాభం, వీధిలో వాళ్ళ పెట్టెకు కరెంటు లేకపోతే మళ్ళీ అంతే.

ఆపేద్దామంటే ఆరు నెలల దుడ్లు తిరిగి రావంట. డిపాజిట్ అడిగితే బాక్సు వెనక్కి ఇచ్చినప్పుడు చూద్దామంటారు.

సరే, మారాలనుకునేటోళ్ళకు రెండు మాటలు. కొత్తది నెల రోజులు వాడి చూసేదాకా పాతది సరెండర్ చేయొద్దండి, ఆ నెల రెండు బిల్లులు కట్టినా పర్వాలేదు. నంబరు మీద మమకారం ఉంటే ముందు పాత కంపెనీలోనే ఫైబర్ ఉందేమో అడగండి. ఏం చెప్పినా కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకోండి. ఫోను కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు రాస్తే ఒక్కొక్కరి ఫిర్యాదు వాళ్ళు తీసుకోరు. ముందు కంపెనీలో ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకోవాలి, తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీలు వినే అప్పిలేట్ అథారిటీకి పోవాలి. నేను అది చేసినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోను చేసినా. ఐదు లక్షల లోపు వ్యవహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు, అక్కడికీ పోతా.

ఆ పిల్లోడు మీ వీధికి వస్తే ఇంట్లో పెద్దోళ్ళ అద్దాలు ముందు తెచ్చివ్వండి.

ఇది రాస్తాంటేనే కరెంటు పోయింది, బాక్సులో పచ్చలైటు ఆరిపోయింది. సెల్లు డేటాతో పెడతాండా. ఆ డేటా కూడా రేపటితో అయిపోతాది, రీచార్జి చేయాల.