టెక్సస్ వసంతానికి ఏ టమాటా మేలు? బ్రాండీవైనా, చెరోకీ పర్పులా, పోర్టరా?

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో వైపు పెరట్లో టమాటా వేసేవాళ్లకి రెండు గడువులు ఉంటాయి. మొదటిది మార్చి మధ్యలో. సగటున అప్పటికి ఆఖరి ఫ్రీజ్ అయిపోతుంది. సగటున అని ఎందుకంటున్నానంటే, ఏప్రిల్ వచ్చాక కూడా ఒక్క రాత్రి చలి దెబ్బకి నారంతా ఉడికిన ఆకుకూరలా వాలిపోయిన ఏళ్లున్నాయి. రెండో గడువు జూన్‌లో. రాత్రిపూట కూడా వేడి 75 ఫారెన్‌హీట్ (24 సెల్సియస్) కిందికి దిగడం మానేస్తుంది. ఇక ఆ తర్వాత మొక్క పూస్తుంది గానీ పిందె పట్టదు. పుప్పొడి పనిచేయక పూత రాలిపోతుంది. అటు ఏప్రిల్‌లో రాత్రి 55 (13 సెల్సియస్) కంటే తక్కువున్నా ఇదే గతి.

అంటే చేతికొచ్చేది పదీ పన్నెండు వారాలు. అందులోనే వడగళ్లు, ఈదురుగాలులు, వారం రోజులు వదలని వాన. కేటలాగ్‌లో ఫొటో బాగుందని రకం ఎంచుకునేవాళ్లు ఈ లెక్క చూసుకోరు. టమాటా ఎయిర్‌లూమ్‌లలో, అంటే తరతరాలుగా విత్తనం కట్టుకుంటూ వచ్చిన సూటి రకాల్లో, అన్నీ ఈ పన్నెండు వారాల్లో ఇమడవు.

పేరు ప్రఖ్యాతుల్లో ముందుండేది బ్రాండీవైన్. బంగాళాదుంప ఆకులాంటి వెడల్పాటి ఆకు, లేత గులాబీ రంగు కాయ, ఒక్కోటి అర కిలో దాకా తూగుతుంది. ఈ విత్తనం టెనెసీలో ఒక కుటుంబం దగ్గర ఉండేది. అక్కడి నుంచి ఒహాయోలోని బెన్ క్విజెన్‌బెర్రీ అనే పెద్దాయనకి, ఆయన ద్వారా 1982లో సీడ్ సేవర్స్ ఎక్స్చేంజ్ అనే విత్తన సంరక్షణ సంస్థకి చేరింది. రుచి గురించి చెప్పేదంతా నిజమే. కోసి ఉప్పు చల్లుకుని తింటే ఇంకేమీ అక్కర్లేదు. కానీ నారు నాటాక పండు కోయడానికి ఎనభై నుంచి వంద రోజులు పడుతుంది. మార్చి చివర్లో నాటితే తొలి పండు జూన్ చివరికి. అప్పటికి కొత్త పిందె పట్టే కాలం అయిపోతుంది కాబట్టి, మొదటి విడత పూతలో నిలిచినవే ఆ ఏటికి దక్కేవి. పెద్ద కాయ రకాలు మామూలుగానే తక్కువ పిందె పడతాయి. ఆ పట్టిన నాలుగూ ఒక వడగళ్ల వానకి పోతే, మిగిలేది ఏడడుగుల ఆకుల పొద.

మా మామగారు మదనపల్లె వైపు రైతు. టమాటా అంటే బుట్టలు కాదు, లారీలు లెక్కపెట్టిన మనిషి. ఇక్కడికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం బ్రాండీవైన్ మొక్క చుట్టూ తిరిగి, ఆకులు పక్కకి తప్పించి కాయలు వెతికి, "ఈ చెట్టుకి పోసిన నీళ్లతో నేను మడి తడిపేవాణ్ణి అల్లుడూ" అన్నారు. బదులు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అయితే బ్రాండీవైన్‌ని చెడ్డ రకం అనడం అన్యాయం. న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు మే మధ్యలో నాటుతారు. జూన్ అంతా, జూలైలో కూడా చాలా రాత్రులు చల్లగానే ఉంటాయి. అక్కడ అది తీరిగ్గా కాస్తుంది.

చెరోకీ పర్పుల్ సంగతి వేరు. 1990లో టెనెసీలోని సెవియర్‌విల్ నుంచి జాన్ గ్రీన్ అనే ఆయన, పాత టమాటా రకాలు సేకరించే క్రెయిగ్ లెహూలియర్‌కి కొన్ని విత్తనాలు పోస్టులో పంపాడు. చెరోకీ అనే అమెరికా మూలవాసుల తెగవాళ్ల దగ్గర నుంచి వందేళ్ల కిందట వచ్చిన రకమని ఉత్తరంలో రాశాడు. పేరు లెహూలియర్ పెట్టిందే. పైకి కమిలిన దెబ్బలాంటి రంగు. భుజాల దగ్గర పచ్చదనం చివరిదాకా పోదు. మొదటిసారి పండించేవాళ్లు ఇంకా పండలేదనుకుని చెట్టునే వదిలేస్తారు, ఈలోగా మెత్తబడి పగిలిపోతుంది. అడుగు భాగం ముదురు గులాబీకి తిరిగి, బొటనవేలితో నొక్కితే కొంచెం దిగితే చాలు, కోసేయొచ్చు. ఇది దాదాపు ఎనభై రోజులకి పండుతుంది. బ్రాండీవైన్ కంటే వేడిని బాగా ఓర్చుకుంటుంది, కాపు కూడా మెరుగు. రుచిలో ఏమైనా తేడా ఉంటే, అది పందెం కాసేంత పెద్దది కాదని నా అభిప్రాయం. పెద్ద కాయ, ఎయిర్‌లూమ్ రుచి, టెక్సస్ వాతావరణం మూడూ కలవాలంటే వేయాల్సింది ఇదే.

కేటలాగుల్లో ఎక్కడో చివరి పేజీల్లో కనిపించే పోర్టర్‌కి ఆ పేరూ, ఆ రంగూ లేవు. కోడిగుడ్డంత గులాబీ ఎరుపు కాయ, చూడ్డానికి ప్రత్యేకత ఏమీ ఉండదు. కానీ ఇది టెక్సస్ బిడ్డ. డాలస్‌కి నైరుతిగా ఉన్న స్టీఫెన్‌విల్‌లో పోర్టర్ అండ్ సన్ అనే విత్తనాల కొట్టువాళ్లు అమ్మిన రకం. ఇక్కడి ఎండకీ, వేడి గాలికీ అలవాటుపడింది. మిగతావి పూత రాల్చేసుకునే రోజుల్లో కూడా గుత్తికి రెండైనా నిలుపుతుంది. గట్టి కాయ, అంత తొందరగా పగలదు. రుచి? బాగుంటుంది, అంతే. తిన్నవాళ్లు కళ్లు మూసుకుని ఆహా అనరు. ఇదే బాటలో ఆర్కన్సా ట్రావెలర్ ఉంది, కాస్త పెద్ద కాయ. ఆర్కన్సా యూనివర్సిటీ 1971లో విడుదల చేసింది కాబట్టి ఎయిర్‌లూమ్ అనే మాటకి పూర్తిగా తగదని వాదించేవాళ్లున్నారు. వాదించుకోనివ్వండి, విత్తనం కట్టుకోవచ్చు, వేడికి తట్టుకుంటుంది, నాకు అది చాలు.

రెండు రకాల్ని కలిపి పుట్టించే హైబ్రిడ్‌ల మాట ఎత్తకుండా ఈ పోలిక పూర్తికాదు. కొత్త రకాలకి ఇచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ అవార్డుని 1984లో అందుకున్న సెలెబ్రిటీ డెబ్బై రోజులకే కోతకొస్తుంది. మొక్క ట్యాగ్ మీద వీ, ఎఫ్, ఎన్ అక్షరాలుంటే రెండు రకాల ఎండు తెగుళ్లనీ, వేరుబుడిపెలు తెచ్చే నులిపురుగుల్నీ తట్టుకునే శక్తి ఉందని అర్థం. పాత రకాలకి సాధారణంగా ఈ రక్షణ ఉండదు. మీ మట్టిలో ఒకసారి నులిపురుగు చేరిందంటే ఎయిర్‌లూమ్‌లని నేలలో వేయకండి, కుండీలే గతి. జపాన్ నుంచి వచ్చిన సన్ గోల్డ్ అనే చెర్రీ టమాటా కూడా హైబ్రిడ్డే. నారింజ రంగు, పంచదార తీపి, అరవై రోజుల్లోపే మొదలు. వాన పడితే ఉన్నవన్నీ టపటపా పగులుతాయి, మర్నాటికి కొత్తవి పండుతాయి. పిల్లలున్న ఇంట్లో ఒక్క కాయ కూడా వంటింటి దాకా రాదు. హైబ్రిడ్‌తో ఉన్న ఇబ్బంది విత్తనం దగ్గరే. దాచుకుని వేస్తే తల్లి మొక్కలాంటిది రాదు, ప్రతి ఏడూ కొనాలి. సూటి రకమైతే బాగా పండిన కాయ గుజ్జుని రెండు మూడు రోజులు గ్లాసులో పులవనిచ్చి, కడిగి, పేపర్ ప్లేట్ మీద ఆరబెడితే వచ్చే ఏటికి సిద్ధం.

రకం తేలాక తర్వాతి తగువు ఎప్పుడు నాటాలన్నది. మార్చి తొలి వారంలోనే నాటేసి కప్పుకుంటూ కాపాడుకోవడం ఒక పద్ధతి. ఏప్రిల్ మధ్య దాకా ఆగడం ఇంకో పద్ధతి. రెండోదానిలో టెన్షన్ లేదు, కాయలూ ఎక్కువ రావు. మొదటిదానిలో నేల ఇంకా చల్లగా ఉంటుంది. 60 ఫారెన్‌హీట్ కంటే చల్లటి మట్టిలో టమాటా వేరు కదలదు, మొక్క ఊదారంగుకి తిరిగి అలాగే కూర్చుంటుంది. నాకు నచ్చింది మధ్యేమార్గం. చిన్న నారుని ఒక గ్యాలన్ కుండీలోకి మార్చి, ఎండ రోజుల్లో బయట పెడుతూ, చలి రాత్రి గరాజ్‌లోకి తెస్తూ, మార్చి చివర్లో అడుగు ఎత్తు బలమైన మొక్కగా నేలలో పెట్టడం. తెచ్చీ పెట్టీ విసుగొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ పూత రెండు వారాలు ముందుకొస్తుంది, ఇక్కడ ఆ రెండు వారాలే ముఖ్యం.

డాలస్ నేల మన నల్లరేగడి లాంటిదే. తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. గొయ్యి లోతుగా తవ్వి నాటితే కింద చల్లగా, నీళ్లు నిలిచి ఉంటుంది. ఎత్తు మడి కట్టి, కింది ఆకులు తుంచేసి, కాండాన్ని పక్కకి పడుకోబెట్టి పాతితే మట్టిలో ఉన్న కాండం పొడుగునా వేళ్లు పడతాయి, పైన ఉన్న వెచ్చటి మట్టిలోనే. చివరి కొస మాత్రం బయటికి. నాటాక ఫ్రీజ్ హెచ్చరిక వస్తే మధ్యాహ్నమే నేల తడిపి, సాయంత్రం వెచ్చదనం పోకముందే ఫ్రాస్ట్ క్లాత్ నేలదాకా దించి అంచుల మీద ఇటుకలు పెట్టాలి. పాత దుప్పట్లూ పనికొస్తాయి. ప్లాస్టిక్ షీట్ మాత్రం ఆకుకి తగలనివ్వకండి, తగిలినచోటల్లా మాడుతుంది. మొక్కకి ఆసరాగా పెట్టే తీగల కేజ్ చుట్టూ అదే గుడ్డని ఏప్రిల్ దాకా ఉంచితే గాలి దెబ్బ నుంచి కూడా కాపాడుతుంది.

వడగళ్లకి మందు లేదు. మబ్బు పట్టి హెచ్చరిక రాగానే దోరకాయలన్నీ కోసేయండి. రంగు తిరగడం మొదలైన కాయ వంటింటి గట్టు మీద పెట్టినా బాగానే పండుతుంది, చెట్టున పండిన దానికీ దానికీ రుచిలో తేడా పట్టుకోవడం కష్టం. నీళ్లు మాత్రం ఒక రోజు వరద, వారం ఎండగట్టడం అన్నట్టు పెడితే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. కాల్షియం కొట్టమని చెప్తారు గానీ మన నేలలో కాల్షియానికి కరువు లేదు, అది కాయదాకా అందాలంటే తడి ఒకేలా ఉండాలి. గడ్డి మందంగా పరిస్తే సగం సమస్య తీరుతుంది.

ఇక వంటింటి లెక్క. దీని గురించి ఎవరూ మాట్లాడరు గానీ, మనకి ముఖ్యం ఇదే. బ్రాండీవైన్, చెరోకీ పర్పుల్ రుచి పచ్చిగా తింటేనే తెలుస్తుంది. తాలింపు పెట్టి, చింతపండు పిసికి, ఎండుమిర్చి వేసి పులుసు చేస్తే అందులో ఉన్నది చెరోకీయో, కొట్లో కొన్న రోమా టమాటానో చెప్పగలిగేవాళ్లు నాకింకా తగల్లేదు. పైగా నాటు టమాటాలో ఉండే పులుపు వీటిలో లేదు, తీపే ఎక్కువ. పప్పులో వేస్తే చింతపండు అదనంగా పడుతుంది. పచ్చడికీ, నిల్వకీ పోర్టరే మేలు. నీరు తక్కువ, కండ గట్టి, తొందరగా మగ్గుతుంది. జూలైలో కాపు ఆగిపోయి చెట్టు మీద మిగిలిన పచ్చికాయలు ఏ రకమైనా సరే, నువ్వులు వేయించి రోటి పచ్చడి చేసుకుంటే వాటికి పేర్లతో పని లేదు.

కాబట్టి నాలుగు మొక్కలకి చోటుంటే రెండు పోర్టర్, ఒకటి చెరోకీ పర్పుల్, ఒకటి సన్ గోల్డ్. ఒక్క మొక్కకే చోటుంటే, ఇంట్లో పచ్చిగా తినేవాళ్లు ఎక్కువైతే చెరోకీ, వండేవాళ్లు ఎక్కువైతే పోర్టర్. ఇంట్లో తినేవాళ్లు ఐదారుగురుండి, ఏడాదికి సరిపడా పచ్చడి కావాలనుకుంటే ఎయిర్‌లూమ్ అనే పట్టుదల మానేసి సగం సెలెబ్రిటీ వేయండి. బ్రాండీవైన్ ఈ లిస్టులో లేదు.

వసంతం మొత్తం వడగళ్ల పాలైనా జూలై ఉంది. ఆ నెల మొదట్లో నాటిన మొక్కలు సెప్టెంబర్ చివర రాత్రులు చల్లబడగానే పిందె పట్టి, నవంబర్‌లో మళ్లీ ఫ్రీజ్ వచ్చేలోగా కాపునిస్తాయి. ఆ రెండో విడతకి తక్కువ రోజుల రకాలే సరిపోతాయి, కాబట్టి సన్ గోల్డ్, సెలెబ్రిటీ. విత్తనం పెట్టి నారు పోసే ఓపిక లేకపోతే, జూన్ మొదట్లో బతికున్న మొక్క నుంచి జానెడు పక్కకొమ్మ తుంచి నీళ్ల గ్లాసులో నీడన పెట్టండి. వారం పది రోజుల్లో వేళ్లు వస్తాయి.