వేలూరులో ఆపరేషన్ అయిన బిడ్డకు ఏ గది? గాంధీ రోడ్డు లాడ్జీలు, సత్తువాచారి ఇళ్లు

మనవాళ్లు రాయవేలూరు అని పిలిచే ఈ ఊరికి చిత్తూరు నుంచే కాదు, శ్రీకాకుళం, ఖమ్మం నుంచి కూడా పిల్లల గుండె ఆపరేషన్లకు వస్తుంటారు. సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో డిశ్చార్జి అయ్యాక వెంటనే ఇంటికి పంపరు, రివ్యూకి మళ్లీ రమ్మంటారు. ఆ మధ్య రోజులన్నీ బిడ్డ ఉండేది అద్దె గదిలోనే. అప్పటిదాకా వార్డులో నర్సు చూసుకున్న పనంతా అమ్మానాన్నల మీద పడుతుంది. ఈ సమీక్ష ఆ గదుల గురించి.

ఆసుపత్రి దగ్గర్లోనే ఉన్న గాంధీ రోడ్డు, బాబూరావు వీధి లాడ్జీలు ఆపరేషన్ ముందు పరీక్షల రోజులకు చాలా బాగుంటాయి. ఆపరేషన్ తర్వాత మాత్రం వాటిలో ఎక్కువ పనికిరావు. డిశ్చార్జికి రెండు రోజుల ముందే వేరే గది చూసి పెట్టుకోండి.

దానికంటే ముందు మీ అపాయింట్‌మెంట్ చీటీ మీద ఏ క్యాంపస్ ఉందో చూడండి. సీఎంసీలో కొన్ని విభాగాలు హైవే మీది రాణిపేట క్యాంపస్‌కు మారాయి. అది చూడకుండా ఊళ్లో అడ్వాన్సు కట్టినవాళ్లు రోజూ బిడ్డను ఆటోలో అంత దూరం కుదిపి తీసుకెళ్లాల్సి వస్తుంది.

గాంధీ రోడ్డు గదుల్లో మొదటి ఇబ్బంది మెట్లు. లిఫ్ట్ లేని చోట మూడో అంతస్తు గది చవకగా వస్తుంది కానీ, రొమ్ము ఎముక కోసి చేసిన ఆపరేషన్ అయితే ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్నాళ్లూ బిడ్డను చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు, చేయి పట్టి లాగకూడదు. ఒక చేయి పిరుదుల కింద, ఇంకో చేయి మెడ వెనక వేసి రెండు చేతులతో తీయాలి. అలా ఎత్తుకుని ఇరుకు మెట్లెక్కితే రెయిలింగు పట్టుకోవడానికి చేయి మిగలదు. కింది అంతస్తు గానీ లిఫ్ట్ గానీ లేకపోతే ఆ గది వద్దనండి.

రెండోది పొయ్యి. చాలా లాడ్జీల్లో "వంటగది ఉంది" అంటే మంచం పక్కనే ఒక గట్టు, దాని మీద ఒక బర్నరు. ఎండుమిరపకాయ తిరగమోత ఘాటుకు బిడ్డ దగ్గుతాడు, ఆ దగ్గు నేరుగా రొమ్ము ఎముక మీద పడుతుంది. దగ్గు వచ్చినప్పుడు మడతపెట్టిన తువ్వాలు ఛాతీకి హత్తుకోమనండి, నొప్పి తగ్గుతుంది. అసలు పొయ్యి వేరే గదిలో ఉండేలా చూసుకోవడమే మంచిది. సత్తువాచారి వైపు రోజు లెక్కన అద్దెకిచ్చే ఇళ్లలో వంటగది వేరుగా దొరికే అవకాశం ఎక్కువ. కిటికీ తెరిస్తే గాలి కూడా వస్తుంది. ఆసుపత్రికి దూరమన్నది ఒక్కటే లోటు. రాత్రి పూట పిలిస్తే వచ్చే ఆటో అతని నంబరు మొదటి రోజే రాసి పెట్టుకోండి.

అద్దె మాట్లాడేటప్పుడు గ్యాస్, గిన్నెలు, కరెంటు, అదనపు మనిషి, ఈ నాలుగూ అద్దెలో కలిశాయా విడిగానా అని అడగండి. గొడవలన్నీ ఖాళీ చేసే రోజు ఇక్కడే వస్తాయి. బాత్రూములో వెస్టర్న్ కమోడ్ ఉండాలి. కింద కూర్చుంటే పిల్లలు లేచేటప్పుడు చేతులు ఆనించి బరువు మోపుతారు.

ఇంత వెతికి వంటగది తీసుకునేది డాక్టర్లు చెప్పే ఉప్పు, నీళ్ల లెక్క కోసమే. ఉప్పు తగ్గించమన్నప్పుడు హోటల్ సాంబారు, చట్నీ, పచ్చడి, అప్పడం అన్నీ పక్కన పెట్టాల్సిందే. పెసరపప్పు, బీరకాయ, సొరకాయ చాలు. నీళ్ల లెక్కలో చాలామంది తప్పుతారు. బిడ్డ తాగేవన్నీ కలిపి రోజుకు 600 మి.లీ. దాటకూడదని డాక్టరు రాశారనుకోండి. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి 600 మి.లీ. నీళ్లు పోసి పెట్టండి. బిడ్డ నీళ్లు తాగితే అందులోంచే ఇవ్వండి. పాలు, మజ్జిగ, చారు, జావ ఏది తాగినా అంతే కొలత నీళ్లు సీసాలోంచి పారబోయండి. సీసా ఖాళీ అయితే ఆ రోజు లెక్క అయిపోయినట్టే. చారన్నంలోని చారు కూడా లెక్కే.

మందు విషయంలో స్పూను వాడకండి, సిరంజి కొనండి. ఒంట్లో నీరు తగ్గించే ఫ్రూసెమైడ్ 40 మి.గ్రా. మాత్రను 10 మి.లీ. నీళ్లలో కలిపి 2 మి.లీ. ఇవ్వమంటే బిడ్డకు వెళ్లేది 8 మి.గ్రా. ఆ మాత్ర నీళ్లలో సరిగ్గా కరగదు, పొడి అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీళ్లు తీస్తే మందు చాలదు, అడుగున తీస్తే ఎక్కువవుతుంది. బాగా కలిపి వెంటనే లాగండి, మిగిలింది పారబోసి మళ్లీ డోసుకు కొత్తగా కలపండి. వాంతి చేసుకుంటే డాక్టరును అడగకుండా రెండోసారి ఇవ్వకండి, డిగాక్సిన్ అనే గుండె మందు అయితే అసలే వద్దు.

గదిలో డిజిటల్ థర్మామీటరు, బరువు చూసే మిషను ఉండాలి. ఇవి లాడ్జీవాళ్లు ఇవ్వరు, ఇంటి నుంచే తెచ్చుకోండి. రోజూ పొద్దున ఒకే టైముకు, ఒకేలాంటి బట్టలతో బరువు చూసి రాయండి. ఒక్కసారిగా పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అనుమానించాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్టు దగ్గర ఎరుపెక్కినా, చీము కనిపించినా, ఎముక టిక్కుమని కదిలినట్టున్నా రివ్యూ తేదీ దాకా ఆగొద్దు. ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లండి.

తిరుగు ప్రయాణానికి రైల్వే రాయితీ ఉంది. గుండె ఆపరేషన్ కోసం ప్రయాణించే రోగికి, తోడుగా ఒకరికి స్లీపరు, థర్డ్ ఏసీల్లో 75 శాతం తగ్గుతుంది. దానికి ఆసుపత్రి సంతకం, ముద్ర ఉన్న రైల్వే ఫారం కావాలి. రివ్యూ రోజు డాక్టరు గదిలోంచి బయటికి రాకముందే అడిగి తీసుకోండి. వేలూరు పక్కనున్న కాట్పాడి జంక్షన్‌లో రైలెక్కేటప్పుడు సామాను ఒకరు, బిడ్డను ఒకరు. బెర్తు మాత్రం లోయరే తీసుకోండి.