పూల్ చుట్టూ నేల: ఏళ్ల తరబడి తడికాళ్లతో నడిచాక

మా స్విమ్మింగ్ పూల్ చుట్టూ రెండు రకాల నేల ఉంది. నీటి అంచు వెంబడి గరుకు ముఖం ఉన్న 20 మిల్లీమీటర్ల పోర్సిలిన్ పలకలు, కుర్చీలు వేసుకునే వైపు చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే కాంపోజిట్ బోర్డులు. ఎండలోనూ వానలోనూ రెండింటి మీదా ఏళ్లుగా నడుస్తున్నాం. నీటి అంచుకైతే నా ఓటు పోర్సిలిన్‌కే.

కొనేటప్పుడు నేల ఎంత జారదో చెప్పే ఆర్10, ఆర్11 అనే రేటింగులు చూపిస్తారు. అవి బూట్లు తొడుక్కుని, నూనె పోసిన నేల మీద చేసే పరీక్షవి. పూల్ దగ్గర మనం నడిచేది వట్టి కాళ్లతో. దానికి వేరే పరీక్ష ఉంది, డిన్ 51097 అనే పాత జర్మన్ ప్రమాణం నుంచి వచ్చింది. అందులో ఎ, బి, సి అని మూడు తరగతులు. పూల్ చుట్టూ నడిచే చోటుకి బి కావాలి, నీళ్లలోకి వాలిన అంచులకి సి కావాలి. మేం ఈ అక్షరం అడిగే తీసుకున్నాం. పిల్లలు పరిగెత్తకుండా ఎవరూ ఆపలేరు కదా, ఆ టెన్షన్ చాలావరకు తగ్గింది.

కాంపోజిట్ మీద నాకు కోపమేం లేదు. చెక్కలా పేడు గుచ్చుకోదు, ఏటా నూనె పట్టించే పని లేదు. కానీ ముదురు రంగు బోర్డు మిట్టమధ్యాహ్నం అరికాలు పెట్టనివ్వదు. నీడ ఉన్న వైపుకే అది బాగుంటుంది, రంగు కూడా లేతదే మేలు.

ఏ నేలైనా అసలు శత్రువు పాకుడే. సన్‌స్క్రీన్ జిడ్డు, దుమ్ము, తడి కలిసి కంటికి కనపడని పొర కడతాయి. ఎంత మంచి గరుకు నేలైనా ఆ పొర పేరుకుంటే జారుతుంది. వారం వారం తేలికపాటి సబ్బునీళ్లతో గట్టి బ్రష్ పెట్టి రుద్ది, బాగా కడిగేస్తాం. ప్రెజర్ వాషర్‌ని దగ్గరగా పెడితే కాంపోజిట్ పైపొర లేచిపోతుంది, అందుకే తక్కువ ఒత్తిడితో దూరం నుంచి కొడతాం. బోర్డుల సందుల్లో ఇరుక్కున్న ఆకులు తీయడం విసుగు పనే, కానీ తీయకపోతే కింద గాలాడక తడి అలాగే నిలుస్తుంది.

యాసిడ్ మాత్రం వద్దు. పలకల మధ్య సిమెంటు జాయింట్లను తినేస్తుంది. అంతకంటే ముఖ్యం, పూల్‌లో వేసే క్లోరిన్ మందుకి తగిలిందంటే విషవాయువు పుడుతుంది. మెరుపు కోసం సీలర్ పూస్తామని పనివాళ్లు అడుగుతుంటారు, నేను ఒప్పుకోను. ఆ మెరుపు తడిస్తే జారుడుబల్లే.

నేల పూల్ నుంచి బయటికి వాలాలి, మీటరుకి సుమారు 20 మిల్లీమీటర్లు. స్క్రూలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి వాడమనండి, క్లోరిన్ నీళ్లకి 304 రకం కన్నా అవి బాగా తట్టుకుంటాయి. పూల్ అంచు రాయికీ చుట్టూ ఉన్న నేలకీ మధ్య సాగే సీలెంట్ జాయింట్ ఉంటుంది. అది చిట్లితే నీళ్లు కిందికి దిగి పలకలు కదలడం మొదలెడతాయి. వానలు మొదలయ్యే ముందు దాన్ని వేలితో నొక్కి చూసి, గట్టిపడినచోట తీసి కొత్తది నింపిస్తాం.