స్కౌట్ హ్యాండ్‌బుక్ చివరి పేజీలు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

డాలస్ శివార్లలోని మా స్కౌట్ ట్రూప్‌లో పిల్లల ర్యాంకుల లెక్కలు చూసే పని చాలా ఏళ్లుగా నాది. ఈ లెక్కల కోసం మేం మూడు వాడాం. ఒకటి, ప్రతి స్కౌట్ దగ్గరా ఉండే హ్యాండ్‌బుక్ చివరి రిక్వైర్‌మెంట్ పేజీలు, అంటే ఒక్కో ర్యాంకుకు పూర్తి చేయాల్సిన పనుల జాబితా. రెండు, స్కౌట్‌బుక్ అనే ఆన్‌లైన్ రికార్డు. మూడు, మీటింగ్ హాల్ గోడకు తగిలించే చార్టు. పిల్లలు తమంతట తాము "నేను ఎంతవరకు వచ్చాను, ఇంకేం మిగిలింది" అని చూసుకునేలా చేసింది మాత్రం ఆ పుస్తకం పేజీలే. కొత్తగా పిల్లల్ని ట్రూప్‌లో చేర్చే మన తెలుగువాళ్లు చాలామంది నేరుగా యాప్ దగ్గరికి వెళ్తున్నారు, అందుకే ఇది రాస్తున్నాను.

ఇండియాలో స్కౌట్స్‌లో ఉన్నవాళ్లకు ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్, రాష్ట్రపతి అవార్డు గుర్తుండే ఉంటాయి. 2025 ఫిబ్రవరి నుంచి స్కౌటింగ్ అమెరికా అని పిలుస్తున్న ఇక్కడి సంస్థలో ర్యాంకులు ఏడు: స్కౌట్, టెండర్‌ఫుట్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్, స్టార్, లైఫ్, ఈగిల్. ఈగిల్‌కు 21 మెరిట్ బ్యాడ్జీలు (ఒక్కో విషయం నేర్చుకున్నందుకు ఇచ్చే గుర్తింపులు) కావాలి. అన్నీ 18 ఏళ్లు నిండేలోపే పూర్తవ్వాలి. పదకొండేళ్ల పిల్లకు ఇదంతా ఒకేసారి చెబితే భయపడుతుంది. ఆ వయసులో ఏడేళ్ల తర్వాతి సంగతి ఎవరికీ ఆనదు. వచ్చే వారం ఏ సంతకం తెచ్చుకోవాలో మాత్రం బాగా అర్థమవుతుంది.

హ్యాండ్‌బుక్ చివర ప్రతి రిక్వైర్‌మెంట్ పక్కన పెద్దవాళ్ల పొడి సంతకానికీ తేదీకీ చోటు ఉంటుంది. పద్ధతి అంతే, వేరే మాయ ఏమీ లేదు. కానీ ఆ సంతకం కావాలంటే పిల్లవాడే పుస్తకం పట్టుకుని వచ్చి, "టాట్-లైన్ హిచ్ ముడి వచ్చింది, చూస్తారా?" అని అడగాలి. మన ఇళ్లలో పెరిగిన పిల్లలకు ఇది మొదట్లో చాలా కష్టం. పెద్దవాళ్లు పిలిచేదాకా ఆగడం మర్యాద అని నేర్పి ఉంటాం కదా. అందుకే మా స్కౌట్‌మాస్టర్ తొలి ర్యాంకుల సంతకాలు పెట్టే పనిని పెద్ద స్కౌట్లకు కూడా అప్పగించారు. నిబంధనలూ దానికి ఒప్పుకుంటాయి. పద్నాలుగేళ్ల ప్యాట్రోల్ లీడర్‌ను (ట్రూప్‌లోని చిన్న బృందానికి నాయకుడైన స్కౌట్‌ను) అడగడం అంకుల్‌ను అడిగినంత టెన్షన్ కాదు. ఈ మార్పు వచ్చాక కొత్త పిల్లల పుస్తకాల్లో తేదీలు పడటం మొదలైంది.

నాకు అన్నిటికంటే నచ్చేది టెండర్‌ఫుట్‌లోని ఆరో రిక్వైర్‌మెంట్. పుషప్స్, సిటప్స్, వంగి చేతులు చాచడం, మైలు దూరం నడక లేదా పరుగు. ముందు తన లెక్క తనే రాసుకోవాలి. ముప్పై రోజులు సాధన చేస్తూ దాన్నీ రాసుకోవాలి. మళ్లీ కొలిచి, ఎంతోకొంత మెరుగైనట్టు చూపించాలి. పోటీ పక్కవాడితో కాదు, నెల క్రితం తను రాసుకున్న అంకెతో. నాలుగు పుషప్స్‌తో మొదలుపెట్టి ఏడుకు వచ్చిన పిల్లవాడు ఆ పేజీని అందరికీ చూపించుకుంటూ తిరగడం చూశాను. సెకండ్ క్లాస్‌లోనూ ఇలాంటి రాత పని మళ్లీ వస్తుంది. ఈ పేజీలు అమ్మానాన్నలు నింపి పెడితే ఆ రిక్వైర్‌మెంట్‌లో ఇక మిగిలేది ఏమీ ఉండదు.

స్కౌట్‌బుక్ విషయానికొస్తే, రికార్డుగా మంచిది. 2019 నుంచి ట్రూపులకు ఉచితం. తేదీలు భద్రంగా ఉంటాయి, ఊరు మారినా వెంట వస్తాయి. క్యాంపింగ్ రాత్రులు, సర్వీస్ గంటలు లెక్కపెట్టడానికి నాకు చాలా సాయపడింది. అయితే అది పిల్లల కంటే ముందు తల్లిదండ్రుల ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఎంత శాతం అయిందో చూసి, కారులో ఇంటికి వెళ్తూ "వాళ్ల అబ్బాయి ఫస్ట్ క్లాస్ అయిపోయాడట, నువ్వెందుకు ఇంకా ఇక్కడే ఉన్నావు?" అని మొదలవుతుంది. ట్యూషన్ మార్కులకూ దీనికీ తేడా లేకుండా పోతుంది. ఇలా అడిగించుకున్న పిల్లలు పుస్తకం తెరవడం మానేస్తారు, లెక్క ఎలాగూ అమ్మ చూసుకుంటుందని. మా ట్రూప్‌లో ఇప్పుడు ముందు పుస్తకంలో సంతకం, తర్వాతే ఆన్‌లైన్‌లో ఎక్కించడం. ఆ క్రమం తప్పనివ్వం.

గోడ చార్టు గురించి ఎక్కువ చెప్పను. ముందున్న ముగ్గురు నలుగురికి అది పండగ. వెనకబడ్డవాళ్లు ఆ గోడవైపు చూడటమే మానేశారు. తీసేశాం.

పుస్తకం దానంతట అదే పని చేయదు. మీటింగ్ చివర పది నిమిషాలు ప్యాట్రోల్ అంతా పుస్తకాలు తెరిచి కూర్చుంటుంది. "ఈ నెల నేను చేసేది" అని ఒక్కటి పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. క్యాంపుకు ముందు ప్యాట్రోల్ లీడర్ "ఈసారి ఎవరికి ఏం కావాలి?" అని అడుగుతాడు. ఒకరికి దిక్సూచితో ఐదు మైళ్ల నడక, ఇంకొకరికి వంట మెనూ. క్యాంపు ప్లానే దాని ప్రకారం మారుతుంది. తమ పేజీలో ఖాళీ వల్ల అందరి కార్యక్రమం మారిందని తెలిస్తే పిల్లలకు ఎంత ఉత్సాహమో!

స్టార్ దాటాక ఈ అలవాటు విలువ తెలుస్తుంది. పర్సనల్ ఫిట్‌నెస్ బ్యాడ్జికి 12 వారాలు, పర్సనల్ మేనేజ్‌మెంట్‌లో ఆదాయం ఖర్చుల లెక్కకు 13 వారాలు, ఫ్యామిలీ లైఫ్‌లో ఇంటి పనులకు 90 రోజులు. ఒక్క వారాంతంలో కూర్చుని ముగించగలిగినవి కావు. పదిహేడున్నర ఏళ్లకు హడావిడి పడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. చిన్నప్పుడు తన పేజీ తను చూసుకున్న పిల్ల ఈ మూడూ పద్నాలుగుకే మొదలుపెట్టేస్తుంది, ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోపాలూ ఉన్నాయి. కాగితం వర్షంలో తడుస్తుంది, టెంట్‌లో మర్చిపోతారు, కారు డిక్కీలో నెలలు పడి ఉంటుంది. పుస్తకం పోతే సంతకాలన్నీ పోయినట్టే అని ఒక పిల్ల ఏడ్చింది కూడా. అందుకని నెలకోసారి పిల్లలే ఆ పేజీలు ఫోటో తీసుకోవాలని పెట్టాం. చేతిరాత అంటే విసుగు ఉన్న పిల్లలకు ఈ పద్ధతి అంతగా ఎక్కదు. అలాంటివాళ్లకు స్కౌట్‌బుక్‌లో వాళ్ల సొంత లాగిన్ ఇప్పించి, వాళ్లనే తెరవమనడం మంచిది. మెరిట్ బ్యాడ్జి పూర్తి చేసినట్టు రాసిచ్చే బ్లూ కార్డుల్లో తమ భాగాన్ని దాచుకోవడానికి వేరే ఫోల్డర్ తప్పనిసరి, ఇవి పుస్తకంలో పెడితే జారిపోతాయి.

కొనేటప్పుడు స్పైరల్ బైండింగ్ ఉన్నదే తీసుకోండి, క్యాంపులో తెరిచి నేల మీద పెట్టినా మూసుకోదు. పెద్ద జిప్‌లాక్ కవరు, దారం కట్టిన పెన్సిల్ తోడు ఇవ్వండి. అట్ట మీద పేరు మాత్రం పిల్లల చేతే రాయించండి.