జర్మనీ గోడ గడియారం కొంటున్నారా? ముందు డయల్ విప్పించండి

గంటలు కొట్టే పాత గోడ గడియారాల పిచ్చి ఉన్నవాళ్ల కోసం ఇది. నలభై రెండు వేలు వదిలించుకుని నేను నేర్చుకున్నది మీకు ఊరికే వస్తుంది.

తాతయ్యగారి హాల్లో అలాంటిదొకటి ఉండేది. ఆదివారం ఆదివారం కుర్చీ ఎక్కి ఆయనే కీ ఇచ్చేవారు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పంపకాల్లో ఎటు పోయిందో ఎవరూ చెప్పరు. సంక్రాంతికి ముందు హైదరాబాద్‌లో ఒక పాతసామాన్ల దుకాణంలో అచ్చం దానిలాంటిదే కనబడేసరికి నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. డయల్ మీద గుస్తావ్ బెకర్ అనే జర్మన్ గడియారాల కంపెనీ ముద్ర. "1880 నాటిది సార్, విజయనగరం వైపు జమీందారు గారింట్లోంచి తెచ్చాం" అన్నాడు దుకాణంవాడు. 55 వేలు చెప్పి 42కి దిగాడు. బేరం గెలిచానని సంబరపడ్డాను కూడా.

నాలుగో రోజుకి లోలకం ఆగిపోయింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు డయల్ ఊడదీసి, ఓ నవ్వు నవ్వి, నన్ను దగ్గరికి రమ్మన్నారు. యంత్రం వెనక పలక మీద ఎనిమిది మొనల నక్షత్రం, మధ్యలో 'జె'. అది జుంఘన్స్ అనే ఇంకో జర్మన్ గడియారాల కంపెనీ వాళ్ల గుర్తు. వాళ్లు ఆ నక్షత్రం పెట్టుకున్నదే 1890లో! డయల్ కింద 'మేడిన్ జర్మనీ' అని నేనే చదివాను, చదివి మురిసిపోయాను. బ్రిటిష్ వాళ్లు 1887లో చట్టం తెచ్చాక వచ్చిన రాత అది. ఆ డయల్ కాగితమూ కొత్త ప్రింటే, టీ డికాక్షన్ పట్టించి ముసలిదాన్ని చేశారు. అన్నిటికంటే నన్ను ఏడిపించింది పెట్టె వెనక చెక్క. ఇప్పటి యంత్రానికి సంబంధం లేని నాలుగు పాత కన్నాలున్నాయి దానికి. ఇందులో ఒకప్పుడు ఇంకో యంత్రం ఉండేదన్నమాట. ఎవరింటిదో పాపం.

పదివేలకి మించి పెట్టాల్సింది కాదన్నారు పెద్దాయన.

దుకాణానికి వెళ్లి అడిగితే, "బెకర్, జుంఘన్స్ ఒకటే కంపెనీ సార్, కలిసిపోయాయి" అన్నాడు. కలిసిన మాట నిజమే, కానీ 1920ల్లో. ఆ లెక్కన 1880 ఏమైనట్టు? జవాబు లేదు. బిల్లు తీసి చూసుకుంటే 'పాత గోడ గడియారం - 1' అని తప్ప ఏమీ లేదు.

అందుకని డబ్బు ఇవ్వకముందే డయల్ విప్పి చూపించమనండి. "విప్పితే పాడవుతుంది" అన్నాడా, వచ్చేయండి. టార్చి వేసి వెనక చెక్క చూడండి. బెకర్ అయితే యంత్రం మీద నంబరుంటుంది, 1892కి వాళ్లు పది లక్షలకి చేరారు, దాన్నిబట్టి వయసు కొంత తెలుస్తుంది. ప్లస్ తల స్క్రూలు 1930ల్లో వచ్చినవి, కనబడితే ఎవరో చెయ్యి పెట్టినట్టే. స్ప్రింగో ముల్లో మార్చారంటే తప్పు పట్టక్కర్లేదు, వందేళ్ల వస్తువుకి రిపేరు మామూలే. యంత్రం, డయల్, పెట్టె మూడూ ఒకదానివేనని, తయారీదారు పేరూ సుమారు సంవత్సరమూ వేసి బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే అదే మీకు జవాబు.

పోయిన వారం మా స్నేహితుడు అదే దుకాణానికి వెళ్లాడు. గోడకి ఇంకో బెకర్ వేలాడుతోందట. ఈసారి బొబ్బిలి జమీందారు గారిదట.