పదహారు నెలలు కాటా మీద పెట్టి తిన్న చిరుతిళ్ళు

మాది ఒడిశాలోని పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. పొద్దున్న ఏడింటికి తెరిస్తే రాత్రి తొమ్మిదికి షట్టరు దించుతాను. కుర్చీలోంచి లేవకుండా చెయ్యి చాపితే మిక్స్చరు, కారప్పూస, బిస్కెట్లు, పలాస జీడిపప్పు. అలాంటి చోట పన్నెండేళ్ళు కూర్చుంటే ఏమవుతుందో అదే అయింది: 88 కిలోలు. అన్నం తగ్గించడం పెద్ద కష్టం కాలేదు. నన్ను చంపేది సాయంత్రం అయిదింటి ఆకలి. పదహారు నెలలుగా ఆ అయిదింటికి ఏం తింటున్నానో రాస్తున్నాను. ఇప్పుడు 79. నాలుగు నెలలుగా అక్కడే ఆగింది. పొద్దున్నే మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి నడిచి రావడం కూడా మొదలెట్టాను కాబట్టి పుణ్యమంతా చిరుతిళ్ళదే అనను.

మొదట పట్టుకున్నది ముఢీ. మరమరాలే, కానీ ఇక్కడ తెలుగువాళ్ళం కూడా ముఢీ అనే అంటాం. ‘అందులో ఉన్నది గాలే కదా’ అని రోజూ కంచం నిండా పోసుకుని, గుప్పెడు మిక్స్చరు కలిపి, పైన ఆవనూనె తిప్పి తినేవాణ్ణి. నెల గడిచినా బరువు కదల్లేదు. ఎదురుగా ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని ఇన్నాళ్ళూ నా కంచం తూచలేదేమిటా అనిపించి, ఓ సాయంత్రం తూచాను. ముఢీ 70 గ్రాములు, మిక్స్చరు 40. వంద గ్రాముల మరమరాల్లో 350 పైనే కేలరీలుంటాయి, అంటే ఇంచుమించు బియ్యం లెక్కే. బియ్యం పొంగితే చోటు ఎక్కువ ఆక్రమిస్తుందే తప్ప కేలరీలు ఎక్కడికీ పోవు. మిక్స్చరుకి ఇంకో రెండొందలు, రెండు చెంచాల నూనెకి తొంభై. మొత్తం అయిదొందలు దాటింది. రాత్రి భోజనం మానేసి మరీ ‘డైటింగ్’ చేస్తున్నాననుకున్నది ఇదీ!

ఆ రోజు నుంచి కాటాయే నా డాక్టరు. ఇప్పుడు ముఢీ 25 గ్రాములే. ఒక మోస్తరు గిన్నె నిండుతుంది, తొంభై కేలరీలు. కీరా, ఉల్లిపాయ, టమాటా సన్నగా తరిగి, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఆవనూనె వాసన కోసం నాలుగు చుక్కలు. కలిపిన వెంటనే తినాలి, ఫోనొచ్చిందని పక్కన పెడితే మెత్తబడి చప్పగా అయిపోతుంది. రుచికి లోటు లేదు. లోటల్లా, గంట తిరక్కుండా మళ్ళీ ఆకలేస్తుంది, మాంసకృత్తులు తక్కువ కాబట్టి. అందుకని అందులోనే పొట్టుతో వేయించిన శనగలు 15 గ్రాములు కలుపుతున్నాను. ఈ జోడీ రాత్రి ఎనిమిదిన్నర దాకా ఆపుతుంది.

శనగలు విడిగా తిన్నా మంచివే. 30 గ్రాములంటే 110 కేలరీలకి అటూ ఇటూ, ఆరు గ్రాముల మాంసకృత్తులు, పీచు. నమలడానికి టైం పడుతుంది, అది కూడా లాభమే. కొత్తలో ఉత్సాహం కొద్దీ గల్లాపెట్టె పక్కన డబ్బా పెట్టుకుని రోజంతా నమిలాను. మూడో రోజు కడుపు ఉబ్బి బేరాలు కూడా సరిగ్గా చూసుకోలేకపోయాను. కొలిచి, నీళ్ళు తాగుతూ తినండి.

మఖానా గురించి అందరూ అడుగుతారు. మా కొట్టుకొచ్చేవాళ్ళు తామర గింజలంటారు గానీ అది వేరే నీటి మొక్క గింజ, ఎక్కువగా బీహార్ నుంచి వస్తుంది. నూనె లేకుండా వేయించుకుంటే 25 గ్రాములు తొంభై కేలరీలే, గిన్నె నిండా కనిపిస్తుంది. కానీ చెంచా నెయ్యి వేస్తే మరో 45. పైగా ధర చూస్తే నాకే, అమ్మేవాడికే, గుండె గుభేలుమంటుంది. వానాకాలంలో మూత సరిగ్గా లేకపోతే ఒక్క పూటలో దూదైపోతుంది. నెల తిని మానేశాను. డబ్బుకి చూసుకోనివాళ్ళకి బాగానే ఉంటుంది.

ప్యాకెట్ల ‘డైట్’ సరుకు మీద నాకు కోపం ఉంది. ఒక కంపెనీది ముందువైపు ‘వేయించలేదు, కాల్చినది’ అని పెద్దక్షరాలు. వెనక్కి తిప్పితే వంద గ్రాములకి 24 గ్రాముల కొవ్వు. చిన్నక్షరాల్లో ‘ఒక వడ్డన 20 గ్రాములు’ అట. 20 గ్రాములు ఎంతో కాటా మీద పోసి చూశాను, నా అరచెయ్యి నిండలేదు. డైజెస్టివ్ బిస్కెట్లూ అంతే, ఒక్కోటి డెబ్భై కేలరీలు, టీతో నాలుగు తెలియకుండా వెళ్ళిపోతాయి. అమ్ముతాను, తినను. వేరుశెనగ గుళ్ళు, జీడిపప్పు మంచి తిండే, కానీ 30 గ్రాములకే 170 దాకా ఉంటుంది. అక్కడ ఆగే చెయ్యి నాది కాదు.

ఇంటి దగ్గరున్న రోజు చోడి అంబలి. ఒడియావాళ్ళు మండియా అంటారు, మనం చోళ్ళంటాం, రాగులన్నమాట. పాతిక గ్రాముల పిండి ఉడికించి చల్లార్చి, పల్చటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు కలిపితే పెద్ద గ్లాసుడు వస్తుంది. నూరు కేలరీలకి కాస్త అటూ ఇటూ, పైగా కాల్షియం. మా ఆవిడకి షుగరుంది. చోళ్ళంటే షుగరు పెరగదని ఎవరో చెబితే రెండేసి గ్లాసులు తాగేది. మీటరు వేరే మాట చెప్పింది. మెత్తటి పిండి, అందులోనూ జావ, తొందరగా అరిగి షుగరు పెంచేస్తుంది. ఇప్పుడు అర గ్లాసు, పక్కన ఉడకబెట్టిన గుడ్డు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది మాత్రం వీధి చివర బండి దగ్గర దొరికింది. అక్కడ సాయంత్రం బరా-ఘుగ్ని, అంటే వడలూ మసాలా బఠాణీ కూరా, తినకపోతే నాకు పొద్దుపోయినట్టుండేది కాదు. ఓ రోజు నాలుగు బరాలు కొట్టుకి తెచ్చి తూచాను, 160 గ్రాములు. కింద పేపరు నూనెకి అవతలి అక్షరాలు కనిపించేలా తడిసింది. మర్నాడు బండి ఆవిడతో, “అప్పా, బరా వద్దు, ఉత్త ఘుగ్నీయే వెయ్యి” అన్నాను. గరిటె గాల్లోనే ఆపి చూసింది. “ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదా?” బాగానే ఉందని చెప్పి పైన తేలే నూనె పక్కకి నెట్టి వెయ్యమన్నాను. ఉడికిన బఠాణీలు, ఉల్లిపాయలు, కొత్తిమీర, వేడి వేడిగా ఒక దొప్పెడు. బఠాణీల్లో మాంసకృత్తులూ ఉన్నాయి, పీచూ ఉంది, మసాలా ఘాటుకి నాలుక కూడా ఊరుకుంటుంది. వారానికి మూడు రోజులు ఇదే. ఇప్పుడు నన్ను చూడగానే బరాల బుట్ట మీద గుడ్డ కప్పేస్తుంది.

జామకాయలు దొరికే నెలల్లో ఇవన్నీ పక్కన పెట్టి, ఉప్పూకారం అద్దుకుని ఒక పెద్ద కాయ.

శనగల డబ్బా ఇప్పుడు కాటా పక్కనే ఉంటుంది. జీడిపప్పు డబ్బాని మా ఆవిడ పై అరకి ఎక్కించింది. బేరం వస్తే స్టూలు వేసుకుని దించాలి.