సబ్‌వూఫర్‌కి కొత్త యాంప్: చాలా కాలం వాడాక, వాట్ల కన్నా డీఎస్పీ గురించే ఎక్కువ చెప్పాలి

ఈ యాంప్ కొనేటప్పుడు అందరిలాగే నేనూ ముందు వాట్లే చూశాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే వాట్ల సంగతి చివర్లో చెబుతాను. దీని లోపలున్న డీఎస్పీ (సిగ్నల్‌ని డిజిటల్‌గా సరిదిద్దే భాగం), అందులోనూ హై పాస్ ఫిల్టర్ (ఒక హద్దు కన్నా కింది ఫ్రీక్వెన్సీలను కోసేసేది), నా పాత సబ్‌ని, అంటే అడుగు బాస్ పలికే సబ్‌వూఫర్‌ని, బతికించింది. అందుకే సమీక్షలో ఎక్కువ భాగం ఆ ఒక్క ఫీచర్ చుట్టూనే తిరుగుతుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. రెండు ఛానళ్లు, క్లాస్ డీ (తక్కువ వేడితో పనిచేసే రకం), ర్యాక్‌లో బిగించే ప్రో రకం, యూఎస్‌బీతో కంప్యూటర్‌కి కలిపి సెట్టింగులు మార్చుకునే డీఎస్పీ. ఈ తరగతిలో దొరికేవన్నీ ఇంచుమించు ఇలాగే పనిచేస్తాయి.

ముందు పాతది ఎలా పోయిందో చెప్పాలి. నా సబ్ 12 అంగుళాల డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఉన్న పోర్ట్ పెట్టె, అంటే గాలి ఆడే గొట్టం ఉన్నది; వెనక ప్లేట్ యాంప్, అంటే పెట్టె వీపునే బిగించిన యాంప్. ఆ ప్లేట్ యాంప్ పోయే ముందు చాలా సూచనలే ఇచ్చింది. మొదట ఆటో ఆన్ మొండికేసింది. సినిమా మొదలై ఎంతసేపైనా లేచేది కాదు, ఏదైనా పెద్ద చప్పుడు వస్తే తప్ప. తర్వాత సిగ్నల్ లేకపోయినా సన్నగా హమ్ రావడం మొదలైంది. రిసీవర్ (హోమ్ థియేటర్ ప్రధాన యాంప్) నుంచి వచ్చే కేబుల్ ఊడదీసినా హమ్ పోలేదు కాబట్టి అది గ్రౌండ్ లూప్ (పరికరాలను కలిపే కేబుళ్ల వల్ల వచ్చే హమ్) కాదు, జబ్బు యాంప్‌లోనే ఉంది. ఆ తర్వాత అప్పుడప్పుడు టప్ టప్‌మనేది. చివరికి ఒక సినిమా మధ్యలో పూర్తిగా మూగబోయింది.

విప్పి చూస్తే పవర్ సప్లై కెపాసిటర్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పెద్ద భాగాలు కదలకుండా ఫ్యాక్టరీలో పోసిన జిగురు ముదురు గోధుమ రంగుకి తిరిగింది. ఈ జిగురు సంగతి రిపేర్ చేసేవాళ్లకి బాగా తెలుసు. కొత్తలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. ఏళ్ల తరబడి వేడి తగిలితే రంగు మారి, తనలోంచి కరెంటు పారనిస్తుంది, పక్కనున్న భాగాల కాళ్లను తినేస్తుంది. మీరూ విప్పాలనుకుంటే ఒక్క మాట: ప్లగ్ తీసేసినా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ నిలిచే ఉంటుంది, అనుభవం లేకుండా చేయి పెట్టకండి.

ప్లేట్ యాంప్‌ల మీద నాకున్న కోపం అప్పటిదే. డ్రైవర్, చెక్క పెట్టె జాగ్రత్తగా వాడితే దశాబ్దాలు నిలుస్తాయి. వాటి వీపున బిగించిన బోర్డు మాత్రం ఎప్పుడూ అదిరే చోట, సరిగ్గా గాలి ఆడని చోట, రోజంతా స్టాండ్‌బైలో వేడెక్కుతూ ఉంటుంది. ముందు పోయేది అదే. అది పోయేనాటికి కంపెనీ ఆ బోర్డు తయారీ ఆపేసి ఉంటుంది, నా విషయంలో అదే జరిగింది. మంచి డ్రైవర్‌ని పారేయడానికి మనసొప్పలేదు. ప్లేట్ తీసేసి, ఆ కంతకి చెక్క మూత బిగించి, రెండు టెర్మినళ్లు పెట్టి, బయటి యాంప్‌కి కలిపాను.

అసలు ఆశ్చర్యం ఇక్కడే. పాత ప్లేట్ యాంప్ 300 వాట్లది. కొత్తది 4 ఓమ్‌ల దగ్గర ఒక్కో ఛానల్‌కి 900 వాట్లు ఇస్తుందని పెట్టె మీద రాసుంది. మూడింతల పవర్ వచ్చాక బాస్ ఇంకా బలంగా ఉండాలి కదా. డ్రమ్స్ బాగానే కొట్టాయి, కానీ సినిమాల్లో నేల కంపించే సన్నివేశాలు మాత్రం పలచబడ్డాయి. రిసీవర్‌లో సబ్ లెవల్ పెంచితే మధ్య బాస్ రొద పెట్టింది తప్ప అడుగు శబ్దం రాలేదు. పైగా ఒక పేలుడు సన్నివేశంలో కోన్ (డ్రైవర్‌లో కదిలే శంకువు) ముందుకీ వెనక్కీ విపరీతంగా ఊగింది. అంత ఊగినా చెవికి వినిపించింది తక్కువే.

పాత యాంప్ బాగున్న రోజుల్లో రూమ్ ఈక్యూ విజార్డ్ అనే శబ్దం కొలిచే సాఫ్ట్‌వేర్‌తో కొలిచిన గ్రాఫ్ ఒకటి కంప్యూటర్‌లో దాచి ఉంచాను. అదే కుర్చీలో అదే మైక్ పెట్టి మళ్లీ కొలిచి రెండిటినీ ఒకదాని మీద ఒకటి వేస్తే విషయం బయటపడింది. 30 హెర్ట్జ్ పైన రెండు గీతలూ దాదాపు కలిసిపోయాయి. 22, 25 హెర్ట్జ్ దగ్గర మాత్రం పాతది 6 డీబీ (డెసిబెల్) దాకా ఎత్తుగా ఉంది. 18 హెర్ట్జ్ కిందికి వచ్చేసరికి పాతది నిట్టనిలువుగా పడిపోతుంటే కొత్తది అలాగే సిగ్నల్ పంపిస్తూనే ఉంది.

అంటే పాత ప్లేట్ యాంప్ వచ్చిన సిగ్నల్‌ని ఉన్నదున్నట్టు పెంచి పంపేది కాదు. చాలా ప్లేట్ యాంప్‌లలో ఉండే ఏర్పాటే ఇది: క్యూ విలువ (కోత హద్దు దగ్గర ఫిల్టర్ ఎంత ఎత్తు ఇస్తుందో చెప్పే అంకె) 2 దగ్గర ఉండే రెండో ఆర్డర్ (ఓ మోస్తరు నిటారుగా కోసే) హై పాస్ ఫిల్టర్ ఒకటి పెడతారు. అలాంటి ఫిల్టర్ కటాఫ్‌కి (ఆ కోత హద్దుకి) కాస్త పైన సుమారు 6 డీబీ ఎత్తు ఇస్తుంది, కింద మాత్రం కోసేస్తుంది. అడుగు బాస్‌కి బలం, డ్రైవర్‌కి రక్షణ, రెండూ ఒకే సర్క్యూట్‌తో. పోర్ట్ పెట్టెకి ఈ కోత ఎందుకు కావాలంటే, పోర్ట్ ట్యూనింగ్ (పోర్ట్ బాగా మోగే ఫ్రీక్వెన్సీ) కన్నా కింద ఫ్రీక్వెన్సీలో పోర్ట్‌లోని గాలి కోన్‌ని పట్టి ఉంచలేదు. పట్టు లేని కోన్ చిన్న పవర్‌కే హద్దు దాటి ఊగుతుంది. నేను చూసిన ఊగుడు అదే. సూటిగా పెంచే పెద్ద యాంప్‌ని కలిపి ధైర్యంగా వాల్యూమ్ పెంచుకుంటూ పోయేవాళ్ల డ్రైవర్లు ఎలా పోతాయో నాకు అప్పుడు అర్థమైంది. ఏ ప్రకటనలోనూ ఈ ముక్క కనిపించదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డీఎస్పీ మీద నా ప్రేమ అక్కడ మొదలైంది. 18 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ కోసే హై పాస్ పెట్టాను. 24 హెర్ట్జ్ దగ్గర 5 డీబీ ఎత్తాను. మళ్లీ కొలిస్తే పాత గీత మీద కొత్త గీత కూర్చుంది. ఆ రాత్రి అదే పేలుడు సన్నివేశం మళ్లీ పెట్టాను. సోఫా అదిరింది, కోన్ మాత్రం హద్దులోనే కదిలింది. ఇన్నాళ్ల వాడకంలో ఈ హోమ్ థియేటర్ నాకిచ్చిన అతి పెద్ద సంతోషం అదే.

తర్వాత లిమిటర్, అంటే అవుట్‌పుట్‌ని ఒక హద్దు దాటనివ్వనిది. డ్రైవర్ నిరంతరంగా తట్టుకునేది 400 వాట్లు. 4 ఓమ్‌ల దగ్గర 400 వాట్లంటే 40 వోల్టులు, పీక్‌లో చూస్తే సుమారు 57. లిమిటర్‌ని అక్కడే కట్టేశాను. ఇప్పుడు ఇంట్లో ఎవరు రిమోట్ పట్టుకున్నా నాకు టెన్షన్ లేదు. దీంతో 900 వాట్ల గొప్ప కాస్త తగ్గిందని ఒప్పుకోవాలి. 300 నుంచి 400కి వెళ్లడమంటే పెరిగింది 1.25 డీబీ, చెవికి అందీ అందనంత. యాంప్ తన సామర్థ్యంలో సగం లోపే పనిచేస్తూ చల్లగా ఉంటుంది, అది మంచిదే, కానీ వాట్లు చూసి కొంటే దక్కేది అంతకన్నా పెద్దగా ఉండదు.

ఇక నచ్చనివి. ఫ్యాన్ చప్పుడు మొదటి వారాల్లో పట్టించుకోలేదు. కొన్నాళ్లకి, నెమ్మదైన సంభాషణల మధ్య అదే వినిపించసాగింది. యాంప్‌ని పక్క గదిలోకి మార్చి 10 మీటర్ల స్పీకర్ వైరు లాగాను. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే రానూపోనూ కలిపి నిరోధం 0.1 ఓమ్ కూడా ఉండదు, నష్టం 0.2 డీబీ లోపే. పక్క గది వీలు లేనివాళ్లు ఫ్యాన్ లేని యాంప్ వెతుక్కోవడం మేలు. ఆటో ఆన్ కూడా ఇందులో లేదు. రిసీవర్ 12 వోల్ట్ ట్రిగర్‌తో (అది ఆన్ అయినప్పుడు పంపే సంకేతంతో) పనిచేసే పవర్ స్ట్రిప్ ఒకటి పెట్టుకున్నాను. పాత ప్లేట్ యాంప్ మొండితనం అనుభవించాక ఇదే నాకు సుఖంగా ఉంది. ఇన్‌పుట్ మాత్రం చూసుకోండి: ప్రో యాంప్‌లు ఇంటి రిసీవర్ల కన్నా ఎక్కువ వోల్టేజ్ ఆశిస్తాయి, నా రిసీవర్‌లో సబ్ ట్రిమ్ (సబ్ లెవల్ సర్దుబాటు) ముందుకన్నా బాగా పైకి తేవాల్సి వచ్చింది. డీఎస్పీ వల్ల శబ్దం కాస్త ఆలస్యమవుతుంది కూడా. ఒక మిల్లీసెకను అంటే 34 సెంటీమీటర్ల దూరం లెక్క. కాబట్టి యాంప్ మార్చాక రిసీవర్ ఆటో కాలిబ్రేషన్ (మైక్‌తో దూరాలు, లెవళ్లు సరిచేసుకోవడం) తప్పకుండా మళ్లీ చేయాలి.

ముందు స్పీకర్లకి తీసుకున్న మూడు ఛానళ్ల పవర్ యాంప్ గురించి కూడా కొత్తలో అందరికీ తెగ చెప్పాను, గొంతులు తేటపడ్డాయని, శబ్దం పరుచుకునే వేదిక వెడల్పయిందని. తర్వాత పింక్ నాయిస్‌తో (పరీక్షకు వాడే ఒక రకం రొదతో) లెవల్ కొలిచి రిసీవర్‌తో సమానం చేసి విన్నాను. యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కాస్త ఎక్కువ, ఆ డీబీన్నర తేడానే నాకు తేటగా వినిపించింది. లెవల్ కలిపాక మామూలు వాల్యూమ్‌లో తేడా చెప్పలేకపోయాను. 80 హెర్ట్జ్ కింద బరువంతా సబ్ మోస్తుంటే, 88 డీబీ సెన్సిటివిటీ (ఒక వాట్‌కి ఎంత శబ్దం ఇస్తుందో చెప్పే కొలత) ఉన్న స్పీకర్లకి సంభాషణలప్పుడు ఒక వాట్ కూడా అక్కర్లేదు. అన్ని ఛానళ్లూ ఒకేసారి మోగే పెద్ద సన్నివేశాల్లో, వాల్యూమ్ బాగా పెంచినప్పుడు, గరుకుదనం తగ్గిన మాట నిజమే. రిసీవర్ మునుపటిలా కాలడం లేదు, దాని ఆయుష్షుకి అది మంచిదే. అంతకు మించి ఇప్పుడు నేను చెప్పలేను.

సబ్ యాంప్‌లో రెండో ఛానల్ చాలా కాలం ఖాళీగా ఉంది. నా కుర్చీ దగ్గర 45 హెర్ట్జ్‌లో ఒక పెద్ద గుంట ఉండేది, అంటే ఆ ఫ్రీక్వెన్సీ అక్కడ బాగా తక్కువగా వినిపించేది. గది గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దాన్ని కొట్టేసే చోట ఎన్ని వాట్లు పోసినా నిండదు, ఎందుకంటే రెండూ కలిసే పెరుగుతాయి. రెండో సబ్ ఎదురు గోడ దగ్గర పెట్టి, రెండో ఛానల్‌లో దానికి వేరే ఆలస్యం, వేరే లెవల్ ఇచ్చాక ఆ గుంట చాలావరకు పూడింది. ఇదీ డీఎస్పీ పుణ్యమే.

నాకు పక్క గది ఉంది, కొలిచే మైక్ ఉంది, గ్రాఫులతో గంటలు గడపడం ఇష్టం. మీ ప్లేట్ యాంప్ బాగానే పనిచేస్తుంటే దాన్ని తీసేయమని నేను చెప్పను. అది పోయి, డ్రైవర్ మంచిదైతే, డీఎస్పీ లేని బయటి యాంప్ జోలికి మాత్రం వెళ్లకండి, కనీసం పోర్ట్ పెట్టె ఉన్నవాళ్లు. మూసిన పెట్టెల్లో లోపలి గాలే కోన్‌ని పట్టి ఉంచుతుంది కాబట్టి ఈ ప్రమాదం తక్కువ, అక్కడ నా సలహా ఇంత గట్టిగా ఉండకపోవచ్చు. పాతది బతికుండగానే ఒకసారి కొలిచి గ్రాఫ్ దాచుకోండి. అది లేకుంటే ఆ 6 డీబీ ఎక్కడ పోయిందో కనుక్కోవడం నాకు చాలా కష్టమయ్యేది.